మంచు కరిగే నెలలో మిలాక్స్ సరస్సు ఒడ్డుకు మారుతున్నాం: అక్కడి సంగతులు తెలిసినవారు దయచేసి చెప్పండి

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. మా వారు మార్చి నెలాఖరున మిన్నెసోటాలో మిలాక్స్ సరస్సు దగ్గరి ఒక పల్లె ఆసుపత్రిలో డాక్టరుగా చేరబోతున్నారు. జె-1 వీసా మీద ఇక్కడ రెసిడెన్సీ (ఆసుపత్రిలో వైద్య శిక్షణ) చేసినవారు స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న నిబంధన నుంచి మినహాయింపు పొందాలంటే, వైద్యుల కొరత ఉన్న చోట మూడేళ్ళు పనిచేయాలన్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ విధంగా మూడేళ్ళు మా కాపురం ఆ సరస్సు ఒడ్డునే. ఐల్ అనే చిన్న ఊరికి దగ్గరగా, సరస్సుకు ఆనుకుని ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఇంటికి వెళ్ళేది కంకర రోడ్డు. సొంత బోరు, సొంత సెప్టిక్ ట్యాంకు, పెరట్లో పెద్ద ప్రొపేన్ గ్యాస్ ట్యాంకు, కింద బేస్‌మెంట్ ఉన్నాయి.

నడి చలికాలంలో ఎలా ఉండాలో చెప్పేవారు చాలామంది దొరికారు, వేసవి అందాల గురించి చెప్పేవారికైతే కొదవే లేదు. చలికాలం పోయీ పోకుండా, వసంతం వచ్చీ రాకుండా ఉండే ఆ నెలా నెలన్నర గురించి అడిగితే మాత్రం ఎవరూ సరిగా చెప్పడం లేదు. మేము చేరబోయేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఇంటి యజమాని ఫోనులో మాట్లాడుతూ, రోడ్ల మీద బరువు ఆంక్షలు మొదలయ్యేలోగా గ్యాస్ ట్యాంకు నింపించుకోమనీ, సామాన్ల లారీ కూడా ఆలోగానే వచ్చేలా చూసుకోమనీ చెప్పారు. అది నాకు సరిగా అర్థం కాలేదు. బేస్‌మెంట్‌లోకి నీరు వస్తుందేమోనన్నది ఇంకొక భయం. మా పదకొండేళ్ళ అబ్బాయి గడ్డకట్టిన సరస్సు మీద నడవాలని ఇప్పటి నుంచే కలలు కంటున్నాడు. వాడికి ఏమని చెప్పాలో తెలియడం లేదు. ఏప్రిల్ మధ్యలో మా అత్తగారు ఆకివీడు నుంచి వస్తున్నారు. కొల్లేటి నీళ్ళు ఊళ్ళ మీదికి ఎక్కి దిగడం చూస్తూ పెరిగిన మనిషి కాబట్టి ఆవిడకు నీళ్ళంటే భయం లేదు, కానీ పొద్దున్నే లేచి నడక సాగించకపోతే ఆవిడకు తోచదు. ఆ ఊళ్ళ వాళ్ళు ఆ రోజుల్లో ఎలా బతుకుతారు, మేము వేటిని ముందుగా చూసుకోవాలి, దయచేసి వివరంగా చెప్పండి.

మొదటి సమాధానం (బ్రెయినర్డ్ నివాసి)

అమ్మా, మీ అబ్బాయి సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీరు అడిగిన వాటిలో ప్రాణంతో ముడిపడినది అదొక్కటే. మీరు వెళ్ళే నాటికి సరస్సు మీద ఇంకా రెండడుగుల మందాన మంచుగడ్డ ఉండవచ్చు. అయినా వాణ్ణి దాని మీదికి పంపవద్దు.

కొత్తగా కట్టిన, గాజులా తేటగా ఉండే మంచుగడ్డ నాలుగంగుళాల మందం ఉంటే మనిషి నడవవచ్చని ఇక్కడి ప్రకృతి వనరుల శాఖ చెబుతుంది. ఈ లెక్క విని, నాలుగంగుళాలే మనిషిని మోసినప్పుడు రెండడుగులు ఏనుగునైనా మోస్తుందని కొత్తవారు అనుకుంటారు. ఆ లెక్క డిసెంబరుకు సరిపోతుంది కానీ మార్చి, ఏప్రిల్ నెలలకు సరిపోదు. ఎండ ముదిరిన కొద్దీ పైనున్న మంచు ముందు కరుగుతుంది. తెల్లని దుప్పటి తొలగిపోగానే అడుగున ఉన్న గడ్డ నేరుగా ఎండను పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు అది పైపైన కరగదు, లోలోపల విడిపోతుంది. గడ్డలోని స్ఫటికాల మధ్య ఉన్న అతుకులు ముందుగా కరిగి, పై నుంచి కింది దాకా నిలువునా సన్నని పుల్లలు పక్కపక్కన నిలబెట్టినట్టు మిగులుతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కను చేతిలోకి తీసుకుని కాస్త నొక్కితే, అంత పెద్ద ముక్కా పొడుగాటి పుల్లలుగా విడిపోయి గలగలమంటూ రాలిపోతుంది. మందం తగ్గకుండానే బలం పోవడం అంటే ఇదే. రంగు చూసి కూడా కొంత పోల్చుకోవచ్చు: తెల్లగా ఉన్నది బూడిద రంగుకు, తరువాత దాదాపు నల్లగా మారుతుంది. నల్లబడిన గడ్డలో సందుల నిండా నీరు ఉన్నట్టు.

ఒడ్డు దగ్గర పరిస్థితి ఇంకా ముందుగానే పాడవుతుంది. రాళ్ళూ మట్టీ ఎండకు వేడెక్కడం వల్ల, గట్టు మీది మంచు కరిగిన నీరు పారి వచ్చి చేరడం వల్ల ఒడ్డున కొద్ది గజాల మేర నీళ్ళు తేలతాయి, నడి సరస్సు మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. ఒనామియా వైపు రమ్ నది సరస్సులోంచి బయటికి వెళ్ళే చోట ప్రవాహం ఉంటుంది కాబట్టి అక్కడి గడ్డను నడి చలికాలంలోనే నమ్మకూడదు, ఇప్పుడు అసలు తలచుకోకూడదు.

సరస్సు ఏ తేదీకి విడిపోతుందని మీరు అడగలేదు కానీ ఎలాగూ అడుగుతారు. మామూలుగా ఏప్రిల్ చివరి వారం. అయితే 2012లో మార్చి 26కే నీళ్ళు తేలాయి, ఆ మరుసటి ఏడు 2013లో మే 16 దాకా తేలలేదు. పక్కపక్క ఏళ్ళకే ఏడు వారాల తేడా ఉన్నప్పుడు పంచాంగం చూసి పనులు పెట్టుకోవడం ఎలా కుదురుతుంది? 2024 చలికాలం మరీ వెచ్చగా ఉండి, రాష్ట్రంలోని అనేక సరస్సులు మార్చిలోనే, పాత రికార్డుల కన్నా ముందుగా తేరుకున్నాయి. ఐస్ అవుట్, అంటే సరస్సు మీది గడ్డ పోయి నీళ్ళు తేలే రోజు, ఎప్పుడని ఊరంతా పందేలు కాస్తారు. మీ అబ్బాయికి ఆ సరదా చాలు.

మీ ఇల్లు ఆగ్నేయ మూలన ఉంది కాబట్టి ఇంకొక మాట చెప్పాలి. మిలాక్స్ దాదాపు 1,32,000 ఎకరాల సరస్సు, కానీ ఎంత లోతైన చోటైనా 42 అడుగులకు మించదు. అంత వెడల్పు మీద గాలికి అడ్డేమీ ఉండదు. గడ్డ ఒడ్డు నుంచి విడివడి తేలుతున్న రోజుల్లో వాయవ్యం నుంచి గాలి ఒకే దిక్కుగా వీస్తే, ఆ పలకంతా కదిలి దక్షిణపు ఒడ్డు మీదికి ఎక్కుతుంది. 2013 మే 11న ఇజాటిస్ రిసార్టు దగ్గర సరిగ్గా అదే జరిగింది. పుల్లపుల్లలుగా విరిగిన మంచు, ఇసుక దిబ్బ కదిలి వస్తున్నట్టు పచ్చిక దాటి వచ్చి, ఇళ్ళ తలుపులూ కిటికీలూ తోసుకుని లోపలికి చొరబడింది. ప్రతి ఏడూ అంత జరగదు. కానీ ఒడ్డున రాళ్ళు తిరగబడటం, చెట్లు ఒరగడం మామూలే. అందువల్ల నీటి అంచున పడవ గానీ కుర్చీలు గానీ ఉంచవద్దు, గాలి ఉధృతంగా ఉన్న రోజున ఆ అంచున ఎవరినీ నిలబడనివ్వవద్దు.

ఎవరైనా నీళ్ళలో పడితే ఏం చేయాలో కూడా ఇంట్లో అందరూ ఒకసారి చెప్పుకోండి. పడిన వెంటనే మొదటి నిమిషంలో ఊపిరి ఎగదన్నుతుంది. ఆ నిమిషం నోరు నీటికి పైన ఉంచి ఊపిరిని నిలుపుకోవడమే పని. ఆ తరువాత సుమారు పది నిమిషాలు చేతులూ కాళ్ళూ మాట వింటాయి. వచ్చిన దారి వైపుకే తిరగాలి, ఎందుకంటే అంతవరకు మోసింది ఆ గడ్డే. కాళ్ళు వెనక్కు తన్నుకుంటూ బోర్లా పాకి పైకి వచ్చి, లేచి నిలబడకుండా దొర్లుకుంటూ దూరం పోవాలి. చూసినవారు 911కు ఫోను చేసి, ఒడ్డు నుంచే తాడో కర్రో అందించాలి గానీ వెనకే పరుగెత్తకూడదు.

రెండవ సమాధానం (సరస్సు ఒడ్డు ఇల్లాలు)

చెల్లీ, పెద్దాయన సరస్సు సంగతి చెప్పారు కాబట్టి నేను ఇంటి సంగతి చెబుతాను. ఆ నెలంతా మీకు సరస్సు కన్నా ఎక్కువ పని పెట్టేది ఇల్లే.

మీ యజమాని మంచి మాట చెప్పారు. చలికాలంలో ఇక్కడ రోడ్ల కింద నేల నాలుగైదు అడుగుల లోతు దాకా గడ్డకడుతుంది. వసంతంలో అది పై నుంచి కరుగుతూ వస్తుంది, అడుగున మాత్రం ఇంకా గట్టిగా ఉంటుంది. కరిగిన నీరు కిందికి ఇంకే దారి లేక రోడ్డు పొరల్లోనే నిలిచిపోతుంది. అలాంటి రోడ్డు మీద బరువైన బండి వెళితే కంకర కుంగి, మోకాలి లోతు గాళ్ళు పడతాయి. అందుకని ఏటా ఈ రోజుల్లో బరువు మీద ఆంక్షలు పెడతారు. కౌంటీ (మన జిల్లా లాంటిది), టౌన్‌షిప్ (మన పంచాయతీ లాంటిది) కంకర రోడ్ల మీద, వేరే బోర్డు లేకపోతే, ఒక్కొక్క ఇరుసుకు అయిదు టన్నులకు మించకూడదు. ఇది దాదాపు ఎనిమిది వారాల దాకా ఉండవచ్చు. నిండు గ్యాస్ బండి, సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే బండి, కంకర లారీ ఇవన్నీ ఆ లెక్కలో చిక్కుకుంటాయి. సగం లోడుతో రావడానికి కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. మీరు చేరేసరికి ట్యాంకు మీది ముల్లు ఎంత చూపిస్తున్నదో యజమానిని ఫోటో తీసి పంపమనండి. ఏప్రిల్‌లో కూడా హీటరు రాత్రింబవళ్ళు తిరుగుతుంది, ఆ నెల పూర్తిగా గడవడానికి సరిపడా గ్యాస్ ఉండాలి.

ఇక బేస్‌మెంట్. నేల ఇంకా గడ్డకట్టి ఉండగా పైన మంచు కరగడం వల్ల నీరు ఇంకదు, పల్లం వెతుక్కుంటుంది, ఇంటి చుట్టూ అన్నిటికన్నా పల్లం బేస్‌మెంటే. మీరు వెళ్ళిన మొదటి రోజునే చేయవలసిన పని ఒకటి ఉంది: బేస్‌మెంట్ మూల గుంటలో ఉండి, ఊరిన నీటిని బయటికి తోడే సంప్ పంపు దగ్గరికి వెళ్ళి, ఒక బకెట్టు నీళ్ళు నెమ్మదిగా పోయండి. నీటి మట్టంతో పాటు బెండు లాంటి తేలుడు బుడ్డి పైకి లేవాలి, పంపు దానంతట అదే మొదలవ్వాలి, గుంట ఖాళీ కాగానే ఆగిపోవాలి. ఆ వెంటనే బయటికి వెళ్ళి, గొట్టం చివర నీరు నిజంగా పడుతున్నదా లేదా చూడండి. లోపల పంపు హాయిగా తిరుగుతూ, బయట గొట్టం మంచుతో పూడుకుపోయి ఉండటం ఇక్కడ చాలా ఇళ్ళలో జరుగుతుంది. ఆ గొట్టం గోడకు దూరంగా, పల్లం వైపుకు నీటిని వదలాలి. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు, అది నిండిపోతే ఇంట్లోకే ఎదురు తంతుంది. తడి మంచు తుఫానుకు కరెంటు పోవడమూ నీరు ఊరడమూ ఒకే రాత్రి జరుగుతాయి కాబట్టి బ్యాటరీతో నడిచే రెండో పంపు ఉన్నదేమో కనుక్కోండి. గోడల వెంబడి పేరుకున్న మంచును పారతో దూరంగా తోసెయ్యండి. మీ డిగ్రీ కాగితాలు, బియ్యం బస్తాలు, పట్టుచీరల పెట్టె కింద పెట్టవద్దు. అద్దెకు ఉన్నా ఇన్సూరెన్సు తీసుకుంటారు కదా, భూమిలోంచి ఊరే నీటికీ సంప్ పంపు పొంగుకూ మామూలు పాలసీ సాధారణంగా వర్తించదు, అదనంగా చేర్పించుకోవాలి. ప్రభుత్వ వరద బీమా అయితే కట్టిన ముప్పై రోజులకు గానీ మొదలవదు.

బోరు చుట్టూ కరిగిన నీరు నిలిచిందంటే, ఆ నీటిని తాగే ముందు పరీక్షకు పంపండి. ఏడాదికి ఒకసారి బాక్టీరియా పరీక్ష ఎలాగూ చేయించుకోవాలని రాష్ట్ర ఆరోగ్య శాఖ చెబుతుంది, ఈ కాలంలో చేయించుకోవడం మరీ మంచిది.

మీ అత్తగారి నడక విషయంలో నాకు కాస్త గట్టిగా చెప్పాలని ఉంది. పగలు కరిగిన నీరు రాత్రికి వాకిట్లో పలచటి గాజు పొరలా గడ్డకడుతుంది. తెల్లవారు జామున అది తడి నేలలాగే కనిపిస్తుంది, కాలు పెట్టాక గానీ తెలియదు. పెద్దవారికి తుంటి ఎముక విరగడానికి ఒక్క అడుగు చాలు. కాబట్టి పొద్దుటి నడకను పది, పదకొండు గంటలకు మార్చుకోమని ఆవిడను ఒప్పించండి, బూట్లకు తొడుక్కునే ఇనుప పళ్ళ పట్టీలు కొనిపెట్టండి. మీ ఊరి పక్కనే సరస్సును ఆనుకుని ఫాదర్ హెన్నెపిన్ స్టేట్ పార్కు ఉంది, నేల ఆరాక అక్కడ నడవడం ఆవిడకు నచ్చుతుంది. మంచు పోగానే గడ్డిలోనూ ఆకుల మీదా పిడుదులు లేస్తాయని గుర్తుంచుకోండి. చలి కాస్త తగ్గితే చాలు, జింకలను అంటుకునే చిన్న పిడుదు మనుషులనూ అంటుకుంటుంది, దాని వల్ల లైమ్ జ్వరం వస్తుంది. నడిచి వచ్చాక మోకాళ్ళ వెనుక, చంకలు, జుట్టు మొదళ్ళు చూసుకోవాలి. డాక్టరుగారికి ఇది నేను చెప్పనక్కరలేదు.

ఉగాది సాధారణంగా ఈ బురద రోజుల్లోనే వస్తుంది. వేపపువ్వు, మామిడికాయ ఈ చుట్టుపక్కల దొరకవు. మినియాపొలిస్ వైపు మన కొట్లకూ మేపుల్ గ్రోవ్‌లోని గుడికీ వెళ్ళాలంటే దాదాపు రెండు గంటల ప్రయాణం. ఎండబెట్టిన వేపపువ్వు డాలస్ నుంచే తెచ్చుకోండి, పప్పులూ పిండ్లూ రెండు నెలలకు సరిపడా ఒకేసారి తెచ్చిపెట్టుకోండి.

మూడవ సమాధానం (మంచు మీద చేపలు పట్టేవారు)

పెద్దలు చెప్పినది చాలావరకు నిజమే కానీ, మార్చిలో సరస్సు మీద అసలు ఎవరూ కాలు పెట్టరన్నట్టు అర్థం చేసుకోనక్కరలేదని నా అభిప్రాయం. వాలై చేపలు పట్టడానికి అనుమతి ఉన్న కాలం ఫిబ్రవరి చివరికి ముగిసినా, పెర్చ్ చేపలు ఏడాది పొడవునా పట్టవచ్చు, మిలాక్స్‌లో పెద్ద పెర్చ్ కోసం మార్చి నెలే మంచిదని చెప్పుకుంటారు. రాత్రిళ్ళు వదిలిపెట్టే చేపల గుడిసెలను ఆ ప్రాంతంలో మార్చి మొదటి సోమవారం నాటికి ఒడ్డుకు చేర్చాలని చట్టం ఉంది, ఆ తరువాత తీసుకువెళ్ళే గుడారాన్ని రాత్రిపూట మనిషి లేకుండా మంచు మీద వదలకూడదు. రిసార్టుల వాళ్ళు మంచు మీద సొంతంగా దారులు వేసి, పగుళ్ళ మీద వంతెనలు పరిచి, పొద్దుటే మందం కొలిచి పంపుతారు. నేను వాళ్ళతో మాట్లాడకుండా వెళ్ళను, చలి రాత్రి తరువాత తెల్లవారుతూనే వెళ్ళి ఎండ ఎక్కకముందే వచ్చేస్తాను. పిల్లవాడికి ఒకసారైనా ఆ అనుభవం దక్కితే మంచిదే కదా.

మొదటి సమాధానం ఇచ్చినవారు మళ్ళీ

మీరు చెప్పిన పద్ధతిలో వెళ్ళేవారిని నేను కాదనను, ఎందుకంటే మీకు ఆ గడ్డ డిసెంబరు నుంచి తెలుసు, ఏ పగులు ఎక్కడ ఉన్నదో తెలుసు, వెనక్కు తిరగవలసిన సమయం తెలుసు. ఆవిడ కుటుంబం మాత్రం మార్చి నెలాఖరున దిగుతుంది. అప్పటికి చాలా ఏళ్ళలో రిసార్టుల వాళ్ళే దారులు మూసేస్తారు. పిల్లవాడు స్కూలు నుంచి వచ్చి, పెరటి ముందు కనిపిస్తున్నది కదా అని దిగితే, వాడు దిగేది ఎవరూ కొలవని ఒడ్డు వారగా, ఎండ నడినెత్తి దాటిన తరువాత. బండి మునిగితే ముప్పై రోజుల్లోగా యజమానే పైకి తీయించుకోవాలని ఇక్కడ చట్టం ఉంది. ప్రతి వసంతంలోనూ అలా తీయించుకునేవారిలో అనుభవం ఉన్న స్థానికులు కూడా ఉంటారు. ఆ అబ్బాయిని వచ్చే జనవరిలో తీసుకువెళ్ళండి, నేనే స్వయంగా కన్నం తవ్వి కూర్చోబెడతాను.

నాలుగవ సమాధానం (సెయింట్ క్లౌడ్ నుంచి ఒక అధ్యాపకుడు)

అక్కడి మనుషులు ఆ రోజుల్లో ఎలా బతుకుతారని మీరు అడిగారు, దానికి ఎవరూ ఇంకా పూర్తిగా జవాబు చెప్పలేదు. నిజానికి ఆ నెల ఊరికి ఆదాయం లేని నెల. మంచు మీద చేపలు పట్టడానికి వచ్చేవారు వెళ్ళిపోయి ఉంటారు, వాలై కాలం తిరిగి మొదలయ్యేది మే మధ్యలో. రిసార్టులు, ఎరల దుకాణాలు, కొన్ని హోటళ్ళు తలుపులు మూసి మరమ్మతులు చేసుకుంటాయి. చలికాలం ముందు ఒడ్డుకు లాగిపెట్టిన, పడవలు కట్టుకునే చెక్క రేవులు (డాక్‌లు) తిరిగి నీటిలో దించడానికి అందరూ గడ్డ పోయేదాకా కాచుకుని ఉంటారు. మీరు గానీ మీ యజమాని గానీ పాత రేవు కొని తెచ్చుకునే ఆలోచన ఉంటే, ఒక సరస్సు నుంచి తీసిన రేవును ఇరవై ఒక్క రోజులు ఆరబెట్టనిదే ఇంకొక సరస్సులో దించకూడదన్న చట్టం తెలుసుకోండి. జీబ్రా ఆలుచిప్పలు ఒక చోటి నుంచి ఇంకొక చోటికి పాకకుండా పెట్టిన నియమం అది.

ఆదాయం లేదు కానీ పని లేదని కాదు. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కరిగే ఎండ ఉన్న రోజుల్లోనే మేపుల్ చెట్లలో రసం పారుతుంది. చెట్టుకు చిన్న రంధ్రం చేసి, గొట్టం దిగేసి, బకెట్టు వేలాడదీస్తారు. పట్టిన రసం నీళ్ళలా పలచగా, లీలగా తియ్యగా ఉంటుంది. దాదాపు నలభై గ్యాలన్ల రసం మరిగిస్తే ఒక గ్యాలను పాకం వస్తుంది, అందుకని మంట దగ్గర రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని ఉండవలసిందే. మొగ్గలు ఉబ్బగానే రసం రుచి చెడుతుంది, అంతటితో ఆ పని ముగుస్తుంది. ఐల్ చుట్టుపక్కల మీకు పరిచయమయ్యే కుటుంబాల్లో ఏదో ఒకరి పెరట్లో ఈ పొయ్యి ఉంటుంది, పిలిస్తే తప్పక వెళ్ళండి, మీ అత్తగారినీ తీసుకువెళ్ళండి.

ఈ పనిని అక్కడ మొదట చేసినది, ఇప్పటికీ చేస్తున్నది ఓజిబ్వే అనే ఆదివాసీ ప్రజలు. మిలాక్స్ ఓజిబ్వేల భూమి సరస్సుకు పడమటి ఒడ్డున ఉంది. మీ వారి దగ్గరికి వచ్చే రోగుల్లో వారు చాలామంది ఉండవచ్చు. పంచదార చెట్ల తోటకు వెళ్ళే నెల అన్న అర్థంలోనే వారు ఈ నెలను పిలుచుకుంటారు. సరస్సు తేలగానే వాలై చేపలు గుడ్లు పెట్టడానికి రాళ్ళున్న లోతులేని ఒడ్డుకు వస్తాయి. ఆ రాత్రుల్లో పడవల మీద దీపాలు కనిపిస్తాయి, ఓజిబ్వేలు ఈటెలతోనూ వలలతోనూ చేపలు పట్టే సమయం అది. 1837లో వారు అమెరికా ప్రభుత్వానికి భూమి ఇచ్చినప్పుడు వేట, చేపలు, అడవి పంటల మీద హక్కు నిలుపుకుంటూ చేసుకున్న ఒప్పందం ఇంకా చెల్లుతుందని 1999లో అమెరికా సుప్రీం కోర్టు అయిదుగురికి నలుగురి తేడాతో తీర్పు చెప్పింది. రాష్ట్రమూ తెగలూ ఏటా ఎవరి వాటా ఎంతో నిర్ణయించుకుంటాయి. అయినా ఊళ్ళో కొందరు ఈ విషయం మీద ఇప్పటికీ కటువుగా మాట్లాడతారు. మీరు కొత్తవారు, డాక్టరుగారి కుటుంబం, రెండు వైపులవారూ మీ ఇంటికి వస్తారు. ముందుగా పడమటి ఒడ్డున ఉన్న మిలాక్స్ ఇండియన్ మ్యూజియం చూడండి. అక్కడ నాలుగు రుతువుల గది ఒకటి ఉంది, మేపుల్ రసం మరిగించడం మొదలుకుని ఏడాది పొడవునా జరిగే పనులన్నీ మనిషంత బొమ్మలతో చూపిస్తారు. వసంతంలో ఏ రోజుల్లో తెరుస్తారో ఫోను చేసి కనుక్కుని వెళ్ళండి.

కొల్లేటి ఒడ్డున పుట్టిన మీ అత్తగారికి చేపలు ఎందుకు, ఎప్పుడు ఒడ్డుకు ఎక్కుతాయో ఎవరూ నేర్పనక్కరలేదు. భాష రాకపోయినా ఆ ఊళ్ళో ఆవిడకు మాట్లాడుకోవడానికి విషయం ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చేతులెత్తి నమస్కారం. అబ్బాయికి మీ సమాధానాలు చదివి వినిపించాను. జనవరి దాకా ఆగుతానన్నాడు, బ్రెయినర్డ్ పెద్దాయన మాట తప్పకూడదని కూడా అన్నాడు. అక్కా, ఒక్క సందేహం మిగిలింది. సామాన్లు తెచ్చేది ఇరవై ఆరు అడుగుల లారీ. మేము తేదీ ముందుకు జరుపుకోలేము, డాలస్‌లో మా వారి పని మార్చి ఇరవై తరువాత గానీ ముగియదు. అప్పటికి ఆంక్షలు మొదలై ఉంటే ఏం చేయాలి?

రెండవ సమాధానం ఇచ్చినవారు మళ్ళీ

చెల్లీ, ఆ లారీ నిండా సామాన్లుంటే వెనుక ఇరుసు మీద అయిదు టన్నులు దాటే అవకాశం ఎక్కువ, కాబట్టి ఆంక్ష ఉంటే దానితో కంకర రోడ్డు ఎక్కకూడదు. తేదీలను ఎండ, ఉష్ణోగ్రతల లెక్కను బట్టి ప్రాంతాల వారీగా నిర్ణయించి, కనీసం మూడు రోజుల ముందు రాష్ట్ర రవాణా శాఖ ప్రకటిస్తుంది. మార్చి మొదటి వారం నుంచి ఆ ప్రకటన రోజూ చూడండి. దానితో ఆగకుండా, మీ ఇంటి రోడ్డు కౌంటీదా టౌన్‌షిప్‌దా యజమానిని అడిగి, ఆ కార్యాలయానికే ఫోను చేసి పరిమితి ఎంతో కనుక్కోండి, ఎందుకంటే బోర్డు ఉన్న చోట బోర్డు మీద రాసినదే లెక్క. ఆంక్ష మొదలై ఉంటే, తారు రోడ్డు మీద లారీ ఆపుకోవడానికి అనుమతి ఉన్న చోటు చూసుకుని, అక్కడ దించి పికప్ ట్రక్కుల మీద ఇంటికి చేర్చడం ఈ ఊళ్ళలో అందరికీ అలవాటే. అడిగితే పక్కింటివాళ్ళు ట్రక్కు తీసుకుని వస్తారు, ఇక్కడ అడగడానికి మొహమాటపడనక్కరలేదు. పొద్దున్నే, రోడ్డు ఇంకా గడ్డకట్టి గట్టిగా ఉన్నప్పుడే పని ముగించండి. మధ్యాహ్నానికి అదే రోడ్డు మెత్తబడుతుంది. మంచాలు, బియ్యం, వంట సామాను, దుప్పట్లు మొదటి ట్రక్కులో వచ్చేలా లారీలో చివరగా ఎక్కించుకోండి.

బేస్‌మెంట్‌లో బకెట్టు పోసి చూడటం మాత్రం సామాన్లు దించక ముందే చేయండి.